కరుణాకరం టార్చిలో జహరాబీ పెట్టిన సెల్లు

జహరాబీ కరుణాకరం టార్చిలో బాంబు పెట్టిందని కొందరు అంటున్నారు. చేతబడి చేయించిందని ఇంకొందరు. ఆమధ్య నేను గిద్దలూరు వచ్చేటప్పుడు కంభం బస్సులో ఒకామె నా పక్క సీట్లో కూర్చుని, నేనెవరో తెలియక, "ఆ బూబమ్మ సెల్లులో యాసిడ్ పోసిందంట గదా, పాపం ఆ షావుకారు కాలు పోయిందంట" అని నాకే చెప్పింది. నేను ఊరుకుంటానా? తర్లుపాడు దాటేదాకా అసలు సంగతి చెబుతూనే ఉన్నాను. ఆమె తర్లుపాడులోనే దిగాలట. అది వేరే సంగతి.

బాంబు లేదు, యాసిడ్ లేదు. చేతబడి అసలే లేదు. జహరాబీకి తాయెత్తు కట్టడం కూడా సరిగా రాదు. కరుణాకరం కాలు పోలేదు, మడమ బెణికింది అంతే. కాలు పోయింది దాసయ్యకు. ఆ కాలు మాట ఎవరూ ఎత్తడం లేదు కాబట్టి నేను ఎత్తుతున్నాను.

మార్కాపురంలో బస్టాండు వెనక సందులో, ఎప్పుడో మూతబడిన మందుల కొట్టు అరుగు మీద జహరాబీ టార్చిలైట్లు బాగు చేసేది. ఆ పక్కనే నా బజ్జీల బండి. ఆమె భర్త గౌస్ మొహిద్దీన్ రేడియోలు బాగు చేసేవాడు. రేడియోలు పోయాక టార్చిల మీద పడ్డాడు. ఆయన పోయాక ఆ పనిముట్ల పెట్టె ముందేసుకుని ఈమె కూర్చుంది. అంతకుముందు పలకల కార్ఖానాలో పని చేసేది. అక్కడి నుంచి తెచ్చుకున్న మందపాటి నల్లపలక ఒకటి ఒళ్ళో పెట్టుకుని, దాని మీదే అన్నీ విప్పేది. పలకకు కరెంటు పాకదు, నిప్పు అంటుకోదు. ఆమెకు కావలసింది కూడా అదే.

టార్చి వెలగకపోతే మనమందరం ఏమంటాం? సెల్లు పోయింది అంటాం. జహరాబీ ఆ మాట ఒప్పుకోదు. తన దగ్గరున్న మంచి సెల్లు తీసి ముందు ఆ టార్చిలో వేస్తుంది. వెలిగితే దోషం వచ్చినవాడి సెల్లుది. వెలగకపోతే దోషం టార్చిది, సెల్లును తిట్టి లాభం లేదు. అప్పుడు వెనక మూత తిప్పి, మరల్లో పట్టిన మట్టి చూస్తుంది, స్ప్రింగుకు పట్టిన పచ్చ చిలుము చూస్తుంది, బటను నొక్కి చూస్తుంది. సగం టార్చిలు ఆ మట్టి తుడిస్తేనే వెలుగుతాయి. దానికి ఆమె ఏమీ తీసుకోదు, నా బండి దగ్గర ఒక బజ్జీ తినిపోమంటుంది. అట్లా నాకూ బేరం.

సెల్లుదే దోషమైతే మీటరు పెట్టి చూస్తుంది. ఇప్పటి సెల్లులు పాత ఎర్ర సెల్లుల్లాంటివి కావు, చార్జింగు పెట్టుకునేవి. మీటరులో నాలుగు దాటి కొంచెం చూపిస్తే నిండుగా ఉన్నట్టు, మూడుకు దిగితే కడుపు ఖాళీ అయినట్టు. మరీ అడుగంటిపోయిన దాన్ని ఆమె మళ్ళీ చార్జింగు పెట్టదు. ఎవరైనా బతిమాలితే, "చచ్చినోన్ని లేపి కూచోబెడితే మనిషై లెయ్యడు నాయనా, దెయ్యమై లేస్తాడు" అంటుంది. ఉబ్బినది, పైన తొడుగు చినిగినది ఆమె కంటబడితే ఇసుక డబ్బాలోకి పోవలసిందే. ఎంత మంచిదన్నా ఒప్పుకోదు.

ఇంకొకటి ఉంది. మా వైపు అందరికీ ఒక అలవాటు. పాత ఎర్ర సెల్లులు నీరసపడితే మిద్దె మీద ఎండలో పెట్టేవాళ్ళం. వాన రోజుల్లో పొయ్యి గడ్డ మీద పెట్టేవాళ్ళం. మళ్ళీ కొన్నాళ్ళు మినుకు మినుకుమని వెలిగేవి. మా అమ్మ చేసింది, నేనూ చేశాను. ఈ కొత్త సెల్లును అట్లా వేడి చేస్తే పాడైపోతుంది, ఒక్కోసారి పగిలి మంట లేస్తుంది. జహరాబీ సెల్లు చేతిలో పెట్టేటప్పుడు ప్రతి మనిషికీ ఇదే పాఠం. "ఇది ఎండుమిరక్కాయ గాదు. ఎండకు పెట్టినావంటే నా గడప తొక్కొద్దు." పాత సెల్లు పోయేముందు పచ్చబడి, మసకబారి, మనకు కబురు చెప్పి పోయేది. కొత్తది అట్లా కాదు, చివరిదాకా ఒకే తీరున వెలిగి ఒక్కసారిగా ఆరిపోతుంది. అందుకని అడవికి పోయేవాళ్ళను ఇంకో సెల్లు రొంటిన పెట్టుకుని పొమ్మని పంపేది.

దాసయ్య ఆ అడవి మనిషే. పుల్లలచెరువు అవతల నల్లమల అంచున వాళ్ళ గూడెం. తేనె తీస్తాడు, జిగురు, కుంకుడుకాయలు తెస్తాడు. తేనె తీయడమంటే కొండ చరియ మీది నుంచి తాడు కట్టుకుని దిగాలి. తిరిగి వచ్చేసరికి పొద్దు గూకుతుంది. తలకు కట్టుకునే లైటే ఆయన కళ్ళు. ఆ లైటు ఎప్పుడూ జహరాబీయే చూసేది. వచ్చినప్పుడల్లా సీసాడు తేనె ఆమె పలక మీద పెట్టేవాడు. "నీ తేనె నువ్వు అమ్ముకో దాసన్నా" అంటే, "నేను నీకిస్తాండానా ఏంది? ఆ పలకకు ఇస్తాండా" అనేవాడు. గురవమ్మ, ఆయన భార్య, నవ్వు ఆపుకోలేక నా బండి వెనక్కి వచ్చేది.

ఆ ఏడు ఉరుసుకని జహరాబీ అరుగు మీది దుకాణం కట్టేసి పోయిన నాడే దాసయ్య లైటు సెల్లు పోయింది. ఊరికి వచ్చి, అరుగు ఖాళీగా ఉండటం చూసి, మెయిన్ బజారులో కరుణాకరం దుకాణానికి పోయాడు. శ్రీ కరుణ ఎలక్ట్రికల్స్. బయట రంగురంగుల లైట్లు, లోపల ఫ్యాన్లు. అద్దాల పెట్టెలో పచ్చ తొడుగు వేసిన సెల్లులు, ఒక్కో దాని మీద తన దుకాణం పేరు బంగారు రంగు స్టిక్కరు. పవరు అంకె తొడుగు మీద ఎంత పెద్దదంటే, జహరాబీ పెట్టే మంచి సెల్లు మీది అంకె దాని ముందు చీమ.

"ఆ బూబమ్మ యేసేదానికన్నా దీంట్లో ఎంతో పవరు ఎక్కువ, దాసయ్యా," అన్నాడట కరుణాకరం. "ఇది పెట్టుకుంటే సూరీడు నీ నెత్తి మీద ఉన్నట్టే."

దాసయ్య కొన్నాడు. మొదటి సారే తొందరగా ఆరిపోయింది. గురవమ్మకు పాత అలవాటు గదా. కొత్త సెల్లు తీసి బండ మీద ఎండకు పెట్టింది. ఆమెకు ఈ పాఠం తెలియదా అంటే తెలుసు. జహరాబీ సెల్లుకు ఎండ పెట్టకూడదని తెలుసు. ఇది కరుణాకరం సెల్లు, ఇంకో రకం అనుకుంది. తర్వాత సోలారు పలకకు తగిలించి చార్జింగు పెట్టి, మొగుడి తలకు కట్టి పంపింది. కొండ దిగుతుండగా, సరిగ్గా నున్నటి బండ మీద కాలు పెట్టే చోట, లైటు ఆరిపోయింది. తెల్లారి గూడెం వాళ్ళు కేకలు విని మోసుకొచ్చారు. మోకాలి కింద ఎముక ముక్కలైంది. లోపల రాడ్డు వేశారు. నడుస్తాడు, కర్ర పట్టుకుని. గొంతుకూర్చోలేడు. తాడు మీద దిగడమనేది ఇక ఈ జన్మకు లేదు. తేనె తీసేవాడికి అది పోతే ఏముంటుంది చెప్పండి.

గురవమ్మ ఆ సెల్లు పట్టుకుని కరుణాకరం దగ్గరికి పోయింది. డబ్బుకు కాదు, అడగడానికి. ఎందుకు ఆరిపోయింది అని అడగడానికి. ఆయన ముందు ఏమన్నాడంటే, ఆ లైటు జహరాబీ కెలికింది, ఆమె వైర్లు నా సెల్లును తినేశాయి అన్నాడు. తర్వాత మాటల్లో గురవమ్మ నోట ఎండ మాట వచ్చింది. అంతే, ఆయన బయటికొచ్చి బజారు మొత్తానికీ వినబడేలా పిలిచి చెప్పాడు.

"యోవ్, ఇన్నారా! ఈళ్ళు సెల్లును వడియాల మాదిరి ఎండబెట్టినారంట! ఏం గురవమ్మా, ఉప్పూ కారం గూడా పూసినావా?"

బజారంతా నవ్వింది. ఆయన కోడలు రేణుక లోపల కౌంటరు దగ్గర ఉంది. ఆమె ఒక్కతే నవ్వలేదని గురవమ్మ తర్వాత చెప్పింది.

గురవమ్మ మా సందులోకి వచ్చేసరికి ముఖం మీద కొంగు ఉంది. ఏడ్పు కాదు, సిగ్గు. అది చూసి జహరాబీ చెయ్యి చాపింది. సెల్లు తీసుకుంది. దాసయ్య లైటులో తన మంచి సెల్లు వేసింది. భగ్గుమని వెలిగింది. అంటే లైటుది కాదు, వైర్లది కాదు. తర్వాత ఆ పచ్చ సెల్లు అరచేతిలో పెట్టుకుని ఎగరేసినట్టు ఆడించింది. నన్ను పిలిచింది.

"మేరీ, నీ తక్కెడ ఇటు తే."

నా ఉల్లిగడ్డల తక్కెడలో ఒక వైపు తన సెల్లు, ఇంకో వైపు కరుణాకరం సెల్లు పెట్టింది. ఆమె సెల్లు ఉన్న వైపు ఠక్కున కిందికి పోయింది. పచ్చది గాలిలో ఊగుతూ ఉంది. లోపల చిటికెనవేలంత సరుకు పెట్టి, మిగతా అంతా ఏదో పొడి నింపుతారట. అంకె మాత్రం ఏనుగంత.

"ఎండది కాదు గురవమ్మా తప్పు," అంది జహరాబీ. "ఎండ పెట్టినందుకు నిన్ను తిట్టేది నేను తిడతాలే, తర్వాత. కానీ ఇది పుట్టడమే చచ్చి పుట్టింది."

ఆమె ఆ తక్కెడ పట్టుకుని కరుణాకరం దుకాణానికి పోయింది. నేనూ బండి వదిలి వెనకే పోయాను, చూడకుండా ఉండలేను గదా. ఆయన తక్కెడ వైపు చూసి పడీపడీ నవ్వాడు.

"తూకం ఏసి కొనేదానికి ఇదేమన్నా ఉల్లిగడ్డనా బూబమ్మా? పో, పొయ్యి నీ తుప్పు తుడుచుకో. నా సరుకు ఫస్టు క్లాసు."

"ఫస్టు క్లాసా?"

"ఫస్టు క్లాసే. నువ్వు ముట్టుకుంటేనే చస్తాండాయి."

ఆ మాట ఊరంతా పాకింది. జహరాబీ ముట్టుకుంటే సెల్లు చస్తుందని. హనుమంతునిపాడు నుంచి, వెలిగండ్ల నుంచి పనిగట్టుకుని వచ్చే రైతులు కూడా సందులోకి తొంగి చూసి వెనక్కి పోయేవాళ్ళు. అరుగు మీద ఆమె, పలక, ఇసుక డబ్బా. ఎవరూ రారు. నా బజ్జీలు కూడా మిగిలిపోయేవి. నాకూ ఒళ్ళు మండేది, దాచడమెందుకు.

కేసు పెట్టమన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "దాసన్న కోర్టు మెట్లు ఎట్ల ఎక్కుతాడే? ఆ కాలే గదా పోయింది." గొంతు తగ్గించి అంది. "నాకు కోర్టు వద్దు మేరీ. వాని నోటితోనే వాని సెల్లు చెత్తని చెప్పియ్యాల. అదే బజారులో. గురవమ్మ ఇనేటట్టు. అంతదాకా నాకు అన్నం అరగదు."

నిజంగానే అరగలేదు. మనిషి చిక్కిపోయింది. నమాజు చేసుకుని వచ్చి కూర్చుని, ఎదురుగా గోడ వైపు చూస్తూ, పాయా ఉడికినట్టు లోపల లోపల ఉడికేది. దేవుడిని ఏమడిగావని ఒకసారి అడిగాను. "కాలుకు కాలు అడిగినా" అంది. తోబా తోబా అని చెంపలేసుకుని, మళ్ళీ "అడిగినా గానీ" అంది.

ఆమెకు చేతకాక ఊరుకుందనుకోకండి. సెల్లుతో ఏమేం చేయవచ్చో ఆమెకు తెలిసినంత ఎవరికి తెలుసు? పేలేది తయారు చేయడం ఆమెకు నిమిషం పని. నేను భయపడి ఒకసారి ఇసుక డబ్బాలో చెయ్యి పెట్టి వెతికాను కూడా. ఆమె చూసి నవ్వింది. "వాడు అమ్మేది వానికి ఇస్తా. అంతకన్నా ఒక్క రవ్వ ఎక్కువ ఇయ్యను. ఎక్కువిస్తే నేను గూడా వానిలెక్కనే అవుతా."

దేవుడు విన్నాడో ఏమో, ఒక సాయంత్రం రేణుక వచ్చింది. కరుణాకరం కోడలు. చున్నీ ముఖం మీదికి లాక్కుని, కూరగాయల సంచిలో పొడవాటి టార్చి.

"పిన్నీ, ఇది మామయ్యది. ఎలగడంల్యా. దుకాణంలో ఎవురికీ చాతగాలే. రేపు పొద్దునకంతా కావాలంట, లేకుంటే నన్ను తినేస్తాడు. ఈడికి తెచ్చినానని తెలిస్తే మళ్ళా తినేస్తాడు."

"రెండుసార్లు తినేదానికి నీ ఒంటిమీద ఏముంది తల్లీ," అన్నాను నేను. ఆమె నవ్వింది.

జహరాబీ నవ్వలేదు. టార్చి పలక మీద పెట్టి వెనక మూత తిప్పింది. సెల్లు జారి ఆమె చేతిలో పడింది. పడిన చప్పుడుకే ఆమె చెయ్యి ఆగిపోయింది. బరువైన సెల్లు. మంచి కంపెనీది. పచ్చ తొడుగు కాదు, బంగారు స్టిక్కరు లేదు. కరుణాకరం జనానికి అమ్మేది ఒకటి, తాను చీకట్లో పట్టుకుని పోయేది ఇంకొకటి.

నాకు చూపించింది. నేను ఒక బూతు మాట అన్నాను. అది ఇక్కడ రాయను.

టార్చి దోషం ఏమీ లేదు. తోట మట్టి మూత మరల్లో చేరింది. గుడ్డతో తుడిస్తే వెలిగింది. కానీ ఆమె దాన్ని వెంటనే ఇవ్వలేదు. రేణుకను నా బండి దగ్గర కూర్చోబెట్టి, బజ్జీలు తినమని, నన్ను పక్కకు పిలిచింది.

"మేరీ, పో. వాని దుకాణంలో పచ్చ సెల్లు ఒకటి పట్టుకరా. వాని చేతనే చార్జింగు నిండా పెట్టించు. నా పేరు చెప్పొద్దు."

నేను ఆ తక్కెడ వెంట వచ్చినదాన్నేనని తెలిసినా ఆయన పట్టించుకోలేదు, కరుణాకరానికి బేరం కనపడితే ఇంకేమీ కనపడదు. "మేరమ్మా, కొత్త స్టాకు, నీ బండి కాడ లైటుకా? ఇది పెట్టుకుంటే ఊరంతా నీ బజ్జీలే కనపడతాయి" అన్నాడు. తానే చార్జింగు పెట్టాడు. పచ్చ దీపం వెలిగేదాకా నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. తానే బంగారు స్టిక్కరు బొటనవేలితో అదిమి అంటించాడు. నేను మనసులో స్తోత్రం చెప్పుకుంటూ కూర్చున్నాను.

జహరాబీ ఆ సెల్లును టార్చిలో వేసి, మూత బిగించి, మంచి సెల్లును గుడ్డలో చుట్టి పెట్టెలో దాచింది. అప్పుడు రేణుకను పిలిచింది.

"దీన్ని పొద్దున ఎవురు పట్టుకపోతారు?"

"మామయ్యే. కరెంటు తెల్లారకముందే ఇస్తారు గదా, బత్తాయి తోటకు మోటరేసేదానికి పోతాడు."

"నువ్వు పోవు?"

"నన్ను గడప దాటనియ్యడు పిన్నీ."

"నీ మొగుడు?"

"ఆయనకు పొద్దు మొహం మీద కొట్టినాకనే మెలకువ."

"నా మీద ఒట్టేసి చెప్పు. ఇది నువ్వు ముట్టుకోగూడదు. పిల్లోళ్ళు ముట్టుకోగూడదు."

రేణుక తినే బజ్జీ ఆపేసింది. ఆ పిల్ల తెలివైనది. జహరాబీ కూడా దాచలేదు.

"లోపల సెల్లు మార్చినా. మీ మామ అమ్మేదే ఏసినా, ఇప్పుడు కొన్నది, కొత్తది. ఆయన సెల్లు నా కాడ భద్రంగా ఉంది. ఇంటికి పొయ్యి చెప్తావో, చెప్పకుండా ఉంటావో నీ ఇష్టం."

రేణుక టార్చి వైపు చూసింది. ఒకసారి వెలిగించి ఆర్పింది. సంచిలో పెట్టుకుంది.

"నాకేం తెలుస్తాది పిన్నీ," అంది. "సెల్లులన్నీ గుండ్రంగానే ఉంటాయి గదా."

పోతూ పోతూ ఇంకో రెండు బజ్జీలు పొట్లం కట్టించుకుంది. మామకట.

జహరాబీ ఆ సాయంత్రమే దాసయ్యకు ఫోను చేయించింది. "రేపు పొద్దున్నే ఆటో ఎక్కి రండి దాసన్నా, నువ్వూ గురవమ్మా. ఎందుకని అడగొద్దు. రేపు కాకపోతే ఎల్లుండి జరుగుతాది, మా ఇంట్లోనే ఉండండి."

ఎల్లుండి దాకా పోలేదు. నేను నూనె మూకుడు పొయ్యి మీద పెట్టేసరికే కబురు వచ్చింది. పాలు పోసే వెంకటేష్ చెప్పాడు. తోట గేటు దాటి మోటరు గదికి పోయే దోవలో టార్చి ఠక్కున ఆరిపోయిందట. అక్కడే పెంట గుంట. కరుణాకరం నేరుగా అందులోకి. నడుము దాకా పెంట, మడమ మెలిక పడింది. పైకి ఎక్కలేక, పక్కన ఏదో బుస్సుమంటే కదలలేక, వెంకటేష్ పాల క్యాను మోత వినేదాకా అట్లాగే నిలబడ్డాడట. బుస్సుమన్నది పైపు లీకేజీ. అది వెలుతురొచ్చాక తెలిసింది.

నేను పరుగున చెప్పాను. జహరాబీ పలక తుడుస్తోంది.

"కాలు ఇరిగిందా?"

"లేదక్కా, బెణికిందంట."

"బెణికిందా? అంతేనా?" అంది. ఆ ముఖంలో నిరాశ చూసి నేనే ఒక అడుగు వెనక్కి వేశాను. అట్లా ఉంది ఆ పొద్దు ఆమె.

కరుణాకరం స్నానం చేసి, మడమకు గుడ్డ కట్టుకుని, ఆటోలో మా సందులోకి దిగేసరికి జనం పోగయ్యారు. ఇంట్లో రేణుకను అడిగి, టార్చి ఎక్కడ బాగైందో తెలుసుకుని వచ్చాడు. అరుగు చివర దాసయ్య కర్ర పట్టుకుని కూర్చున్నాడు, పక్కన గురవమ్మ. కరుణాకరం వాళ్ళను చూడలేదు. కళ్ళు జహరాబీ మీదే.

"ఏమ్మే, ఏం పెట్టినావు నా టార్చిలో?"

"సెల్లు పెట్టినా షావుకారూ."

"అది సెల్లా? గేటు దాటకముందే చచ్చింది! చెత్త సెల్లు!"

"దాసన్నకు చెముడు వచ్చింది ఈమధ్య. రవంత గట్టిగా చెప్పు."

"చెత్త అంటాండా! దొంగ సరుకు! మనుషుల్ని చంపే యాపారం చేస్తాండావా? చీకట్లో ఇట్లాంటిది ఎవుడన్నా నమ్ముకుంటే వాని పేణం ఏమైతాది? తోట కాబట్టి సరిపోయింది, కొండా గుట్టా అయితే?"

కొండా గుట్టా అన్న మాట ఆయనకు ఎందుకు వచ్చిందో దేవుడికే తెలుసు. జహరాబీ చేయి చాపింది. ఆయన టార్చి ఆమె చేతిలో కుక్కాడు. ఆమె నిదానంగా మూత తిప్పింది. పచ్చ సెల్లు జారి నల్లపలక మీద పడి దొర్లింది. బంగారు స్టిక్కరు పైకి వచ్చి ఆగింది. ముందు వరసలో ఉన్న ఇస్త్రీ బండి అతను వంగి, కూడబలుక్కుని, పైకి చదివాడు. "శ్రీ... కరుణ... ఎలక్ట్రికల్స్."

జహరాబీ పెట్టెలో నుంచి గుడ్డ మూట తీసి విప్పింది. బరువైన సెల్లును పచ్చదాని పక్కన పెట్టింది.

"ఇది నువ్వు వాడుకునేది. ఇది నువ్వు అమ్మేది, నీ కుర్చీలో కూచోబెట్టి మేరీకి నువ్వే ఇచ్చింది. నేను ఒక్క తీగ గూడా ముట్టుకోలే. రెంటిలో చెత్తది ఏదో ఇప్పుడే చెప్పినావు. అందరం ఇన్నాము."

కరుణాకరం నోరు తెరిచాడు. ఏదో అనబోయాడు. అప్పుడు గురవమ్మ లేచింది. ఎన్నడూ పది మందిలో నోరెత్తని మనిషి. కొంగు సవరించుకుని, ఎంతో మర్యాదగా అడిగింది.

"ఎండబెట్టినావా సామీ?"

ఎవరో ఫక్కుమన్నారు. ఇక ఆగుతుందా? "ఉప్పూ కారం పూసినావా షావుకారూ" అని ఆటో అతనే అన్నాడు, ఆయన్ని తెచ్చిన ఆటో అతను! దాసయ్య కూడా నవ్వాడు. కాలు విరిగాక ఆ మనిషి నవ్వు నేను చూడటం అదే మొదలు. కరుణాకరం కుంటుకుంటూ ఆటో ఎక్కాడు. టార్చి వదిలేశాడు, తన మంచి సెల్లు కూడా వదిలేశాడు. జహరాబీ ఆ టార్చిని ఒక మనిషి చేత ఆయన దుకాణానికి పంపింది. సెల్లు పంపబోతే, ఆయన "ఆమె ముట్టుకున్నది నాకొద్దు" అన్నాడట. సరే అని జహరాబీ దాన్ని దాసయ్య లైటులో వేసి గురవమ్మకు ఇచ్చింది.

ఇక్కడితో అయిపోయిందని మీరు అనుకుంటారు. నేనూ అనుకున్నాను. జనం మళ్ళీ మా సందుకు రావడం మొదలుపెట్టారు. కరుణాకరం పచ్చ సెల్లుల పెట్టె లోపలికి సర్దేశాడు. బజారులో పోతుంటే పిల్లకాయలు వెనక నుంచి "ఎండబెట్టినావా" అని అరిచి పారిపోతారు. కానీ ఆయన ఊరుకుంటాడా? మా మందుల కొట్టు అరుగు ఆయన తోడల్లుడిది. నెల తిరగకుండానే జహరాబీని లేవమన్నారు.

ఆమె లేచింది. పలక, పెట్టె, ఇసుక డబ్బా నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పోయిందనుకున్నారు? మెయిన్ బజారుకు. కరుణాకరం దుకాణానికి సరిగ్గా ఎదురుగా, కాలవ పక్కన, గొడుగు పాతుకుని కూర్చుంది. ఒక తక్కెడ కొనుక్కుని పక్కన వేలాడదీసింది. ఎవరు ఎక్కడ సెల్లు కొన్నా ముందు ఆ తక్కెడలో వేసి చూసుకుని పోతారు. పచ్చ సెల్లులే ఇప్పుడు ఎర్ర తొడుగులో వస్తున్నాయని ఆ తక్కెడే పట్టింది.

దాసయ్య స్వయంగా వచ్చి చెప్పాడు. "ఇంక ఇడిచిపెట్టు బూబమ్మా. కాలు నాది, నేనే ఇడిచినా."

"కాలు నీది దాసన్నా, కోపం నాది," అంది ఆమె. "నువ్వు మళ్ళా తాడు కట్టుకుని కొండ దిగిన రోజు నేను ఈడి నుంచి లేస్తా."

ఆ రోజు రాదని ఇద్దరికీ తెలుసు. ఆయన తేనె సీసా పలక మీద పెట్టి పోయాడు.

నేను ఇప్పుడు గిద్దలూరులో ఉన్నాను, మా చెల్లెలి కాన్పుకని వచ్చి చిక్కుకుపోయాను. ఎండలు ముదిరాయి. మార్కాపురం బండల ఎండ మీకు తెలుసు. ఆ గొడుగు గాలికి చినిగిందని, కరుణాకరం మనుషులు పొద్దున్నే ఆమె కూర్చునే చోట బకెట్లతో నీళ్ళు కొడుతున్నారని విన్నాను. ఫోను చేస్తే "నేను బాగుండా, నువ్వు బజ్జీలెట్ల ఏస్తాండావు ఆడ?" అని మాట మారుస్తుంది. బాగుంటే మాట మార్చదు, నాకు తెలుసు.

కాబట్టి మార్కాపురం మీదుగా పోయేవాళ్ళు, దయచేసి మెయిన్ బజారులో ఒక్క నిమిషం దిగండి. మీ ఇంట్లో వెలగని టార్చి ఏదైనా ఉంటే తీసుకుపోండి, లేకపోతే ఊరికే పోండి. ఆమె కూర్చుని ఉంటే మంచినీళ్ళు తాగిందా అని అడగండి, గొడుగు ఎట్లా ఉందో చూడండి. చోటు ఖాళీగా ఉంటే ఎదురు దుకాణంలో మాత్రం అడగొద్దు. పక్కనే చెరుకురసం బండి ఉంటుంది, అతన్ని అడగండి. గిద్దలూరు బస్టాండులో బజ్జీల మేరీ అంటే ఎవరైనా నా దగ్గరికి తీసుకొస్తారు, అతను ఏమన్నాడో వచ్చి చెప్పండి.